నలుబది దినముల సువార్త పఠనము: కరువుసీమ సంఘములలో దాని కథ

శతవార్షిక సంచికలు సాధారణముగా మందిరముల కథ చెప్పుచుండును. ఏ మిషనరీ ఏ యేట వచ్చినాడు, ఏ గోపురము ఎప్పుడు లేచినది, ఏ ఆసుపత్రికి ఎవరు పునాదిరాయి వేసినారు అనునవి తప్పక వ్రాసి ఉంచవలసినవే. అయితే రాతితో కట్టనిది, రిజిస్టరులోనికి ఎక్కనిది కూడ ఒకటి మన సంఘములలో ఉన్నది. అది భస్మ బుధవారము మొదలు ఈస్టరు వరకు దినమునకొక సువార్త భాగము చదువుకొని, దానిని కొంతసేపు ధ్యానించు అలవాటు. కర్నూలు, కడప సీమలకు ఈ అలవాటు ఎట్లు వచ్చినది, ఎవరి మధ్య పెరిగినది, నేడు ఏ స్థితిలో ఉన్నది అని ఈ వ్యాసములో కొంత విచారింపదలచినాము.

చదువుటకు ముందు పుస్తకము ఉండవలెను. లండన్ మిషనరీ సొసైటీ పంపగా 1805లో విశాఖపట్టణము చేరిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ అనువారు, ఆనందరాయర్ అను తెలుగు విశ్వాసి సహాయముతో సువార్తలను తెనిగించుటకు పూనుకొన్నారు. క్రాన్ 1809లోను, డెగ్రాంజ్ 1810లోను కన్నుమూసినారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురములో అచ్చయి వెలువడినవి. తాము తెనిగించిన పుస్తకమును ఆ ఇద్దరును కంటితో చూడలేదు. అదే సొసైటీ 1810లో బళ్ళారిలోను, 1822లో విలియం హోవెల్ ద్వారా కడపలోను పని ప్రారంభించినది. దత్తమండలములో ప్రొటెస్టెంటు మిషన్లు సువార్త వినిపించిన తొలి కేంద్రములు ఇవి.

‘వినిపించిన’ అను మాటను కావలెననియే వాడినాము. ఆ శతాబ్దములో ఈ జిల్లాలలో వందమందికి పదిమందియైనను చదువనేర్చినవారు లేరు. సంఘములో చేరినవారు మిక్కిలిగా ఊరికి ఎడముగా ఉన్న పల్లెలవారు. బడి గడప తొక్కనీయని కాలము అది. కనుక వారికి సువార్త కంటిగుండ గాక చెవిగుండ వచ్చినది. పొద్దుగూకిన తరువాత, చేలనుండి వచ్చి సంగటి తినిన తరువాత, ఉపదేశిగారు దీపము దగ్గర ఒక్కొక్క వచనము చదువగా, కూర్చున్నవారు తిరిగి పలికెడివారని మా పెద్దలు చెప్పగా విన్నాము. బైబిలు స్త్రీలు ఇంటింట తల్లులకు వాక్యములు కంఠత చేయించినారు. అక్షరము రాని అవ్వలు ప్రభువు శ్రమల కథను మొదటినుండి చివర వరకు తప్పులేకుండ చెప్పుట మా తరమువారము కూడ ఎరుగుదుము.

ఇక శ్రమకాలము మాట. ఇక్కడ మనకు రెండు పాయలు ఉన్నవి. లండన్ మిషన్ వారు కాంగ్రిగేషనల్ పద్ధతివారు. వారి పూర్వులు ఇంగ్లండులో సంఘ పండుగల పట్టికను వద్దనుకొన్న ప్యూరిటన్లు. వాక్యము ప్రతిదినము చదువవలసినదే గాని, కొన్ని దినములను ప్రత్యేకించి ఉపవాసము పెట్టుట మనుష్యుల కట్టడ అని వారి అభిప్రాయము. కడప, జమ్మలమడుగు, గుత్తి ప్రాంతముల పాత సంఘములు ఈ పాయలోనివి.

రెండవది ఎస్.పి.జి. వారి ఆంగ్లికన్ పాయ. వింత ఏమనగా, దీని మొదలు కూడ కడపలోనే ఉన్నది. లండన్ మిషన్ సేవకుడైన హోవెల్ గారే 1840ల ఆరంభములో ఆంగ్లికన్ సభలో చేరగా ఎస్.పి.జి. వారి తెలుగు పరిచర్య మొదలైనది. తరువాత అది ముత్యాలపాడు, నంద్యాల, కలసపాడు ప్రాంతములకు వ్యాపించినది. వీరి చేతిలో బైబిలుతోపాటు ప్రార్థన గ్రంథము ఉండెను. అందులో శ్రమకాలమునకు క్రమము ఏర్పడియున్నది. భస్మ బుధవారమున ఉపవాసము ఎట్లుండవలెనో చెప్పు మత్తయి 6వ అధ్యాయము. మొదటి ఆదివారమున అరణ్య శోధన. రెండవ ఆదివారమున కనాను స్త్రీ మొర. మూడవ దానికి లూకా 11. నాలుగవ దానికి యోహాను 6లోని ఐదు రొట్టెలు. అయిదవ దానికి యోహాను 8. మట్టల ఆదివారము మొదలు శుభ శుక్రవారము వరకు నలుగురు సువార్తికులును వ్రాసిన శ్రమల వృత్తాంతములు వరుసగా వచ్చును. భస్మ బుధవారపు ప్రార్థనను నలుబది దినములును ప్రతిదినము చెప్పవలెనని నియమము. ఈ వరుస వలన, పుస్తకము కొనలేనివాడు కూడ ఏటేట అదే కాలమున అదే భాగము విని, దానిని తన స్వంతము చేసికొనగలిగినాడు.

అయితే చల్లని దేశములో ఏర్పడిన ఈ పట్టిక మన కరువుసీమలో చదువబడినప్పుడు ఏమైనది? దీనికి 1877వ సంవత్సరమే జవాబు.

1876లో వానలు తప్పినవి. ధాత నామ సంవత్సరములో మొదలైన ఆ కరువు 1878 వరకు దక్షిణ దేశమును పీడించినది. మొత్తము మీద యాభై లక్షలకు తక్కువ కాకుండ చనిపోయినారని చరిత్రకారుల అంచనా. కర్నూలు, బళ్ళారి, కడప జిల్లాలు మిక్కిలి దెబ్బతిన్నవి. 1871, 1881 జనాభా లెక్కలు పోల్చి చూచినచో కర్నూలు జిల్లా జనము సుమారు నాలుగవ వంతు తగ్గినది. 1877 జనవరిలో ప్రభుత్వము తరపున వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనులలో రాళ్ళు కొట్టు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, దానితో కొద్దిపాటి చిల్లర చాలునని కూలి తగ్గించినాడు. ఒక పౌను అనగా నేటి లెక్కలో అర కిలోకు తక్కువ. ఈ తిండితో కష్టపడి పనిచేయు మనిషి బ్రతుకలేడని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టర్ కార్నిష్ వాదించినాడు. కొన్ని నెలల తరువాత గాని కూలి పెరుగలేదు.

ఇప్పుడు క్యాలెండరు చూడుడి. ఆ యేడు భస్మ బుధవారము ఫిబ్రవరి 14, ఈస్టరు ఏప్రిల్ 1. అనగా శ్రమకాలమంతయు ఆ ఒక పౌను కూలి నడచిన దినములలోనే పడినది. ప్రార్థన గ్రంథపు క్రమము ప్రకారము ఫిబ్రవరి 18 ఆదివారమున చదువవలసినది, ఆకలిగొన్న ప్రభువుతో రాళ్ళను రొట్టెలుగా చేయుమని సాతాను పలికిన భాగము. మార్చి 11న చదువవలసినది, ఐదు యవల రొట్టెలతో ఐదువేలమంది తృప్తిపొందిన భాగము. ఆరు దినములు రాళ్ళు కొట్టి వచ్చి కూర్చున్నవానికి ఆ మొదటి భాగము ఎట్లు వినిపించియుండును? దానిని వివరించిన ప్రసంగములు మన చేతిలో లేవు. కాని ఒక్కటి నిశ్చయము. ఇంగ్లండులో ఆ భాగము, తిండి ఉన్నవాడు కొంత మానుకొనుటను గూర్చినది. ఇక్కడ అది, తిండి లేనివాని ప్రక్కన తానును ఆకలిగొని నిలిచిన ప్రభువును గూర్చినది. అక్షరము మారలేదు, వినువారు మారినారు.

ఆ కరువులో మిషన్లు గంజి పోసినవి, అనాథలను చేర్చుకొన్నవి. కరువు తరువాత సంఘములలో చేరినవారు విస్తారముగా పెరిగినారు. అందువలన ‘గంజికోసము కలిసినారు’ అను నింద మన పెద్దలు నేటివరకు మోయుచున్నారు. దీనికి ఒంగోలులోని బాప్తిస్టు సోదరుల చరిత్ర కొంత జవాబు చెప్పుచున్నది. అక్కడ జాన్ క్లౌ గారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగము కంట్రాక్టు తీసికొని వేలమందికి పని కల్పించినారు. కరువు పనులు సాగినంతకాలము మాత్రము బాప్తిస్మములు ఆపివేసినారు. పని ముగిసి, ఇచ్చుటకు ఏమియు లేని దినములలో, 1878 జులై 3న ఒక్కనాడే 2,222 మంది గుండ్లకమ్మ యేటిలో బాప్తిస్మము పొందినారు. గంజికోసమే అయినచో గంజి లేనప్పుడు ఎందుకు వచ్చినారు? అయినను మేము ఇంకొక మాట అనుచున్నాము. ఆకలితో వచ్చినవానిని చూచి సిగ్గుపడవలసిన పని లేదు. యోహాను 6లోని జనసమూహము రొట్టెలు తినియే ప్రభువును వెదకికొని వచ్చినది. ప్రభువు వారిని వెళ్ళగొట్టలేదు, వారితో ఇంకను మాటలాడినాడు.

రెండు పాయలు కలియుటకు చాల కాలము పట్టినది. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కతీడ్రలులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది. లండన్ మిషన్ సంఘములు అందులో చేరినవి. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు అనేకవేలమంది చేరక వెలుపల నిలిచి, 1963లో ప్రత్యేక అధ్యక్షఖండముగా ఏర్పడి, 1975లో గాని ఐక్య సంఘములోనికి రాలేదు. ఆ ఇరువది ఎనిమిది సంవత్సరములలో ఒకే తాలూకాలో, ఒకే భాషలో, ఒకే సువార్త చదువుచు, ఒకే బల్లయొద్దకు రాలేకపోయిన కుటుంబములు ఉన్నవి. 1963లో వెలువడిన ఐక్య సంఘపు ఆరాధన గ్రంథము పండుగల పట్టికను, పఠనముల క్రమమును అంగీకరించినది, స్వేచ్ఛా ప్రార్థనకును చోటిచ్చినది. భస్మ బుధవారము ఎరుగని లండన్ మిషన్ గుడులలో శ్రమకాల కూటములు వచ్చినవి. పుస్తకము మూసి ప్రార్థించుట ఎరుగని గుడులలో స్వంత మాటలతో ప్రార్థన వచ్చినది. ఇది ఒకరి గెలుపు కాదు, ఒకరికొకరు ఇచ్చుకొన్న కానుక.

మన కతోలిక సోదరులు ఈ కాలమును తపస్సు కాలమని అందురు. కర్నూలు మేత్రాసనము 1967లోను, కడప మేత్రాసనము 1976లోను ఏర్పడినవి. 1969లో వెలువడిన వారి పఠనముల పట్టికలో తపస్సు కాలమున ఆదివారములకే గాక ప్రతిదినమునకు సువార్త భాగము ఉన్నది. భస్మ బుధవారము తరువాతి శుక్రవారమున యెషయా 58 వచ్చును. బంధింపబడినవారిని విడిపించుటయు, ఆకలిగొన్నవానికి ఆహారము పెట్టుటయు దేవుడు కోరిన ఉపవాసమని ప్రవక్త అక్కడ బోధించుచున్నాడు. మరుసటి సోమవారమున మత్తయి 25లోని తీర్పు దృశ్యము. ఈ వరుస మనము కూడ నేర్చుకొనదగినది.

నేటి స్థితి ఏమి? పట్టణ సంఘములలో శ్రమకాల ధ్యానముల చిన్న పుస్తకములు అచ్చగుచున్నవి, ఇండ్లలో కూటములు జరుగుచున్నవి, సెల్‌ఫోనులో దినమునకొక ధ్యానము వచ్చుచున్నది. సంతోషమే. కాని పడమటి కర్నూలులో కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం ప్రాంతముల పల్లెలు ఈ కాలములో చూడవలెను. వానకారు పంట చేతికి రాని యేడు ఇండ్లకు తాళములు పడును. సుగ్గికి పోయినారందురు. గుంటూరు, పల్నాడు ప్రాంతములలో మిరపకాయలు కోయుటకు, పత్తి తీయుటకు పిల్లలతో సహా తరలిపోయి, ఉగాదికో ఆ తరువాతనో తిరిగివత్తురు. మిరప కోతల కాలమే మన శ్రమకాలము. మనము పట్టిక పట్టుకొని సువార్త చదువు దినములలో, ఆ సువార్తను మొదట విని నిలుపుకొన్నవారి మనుమలు పరాయి చేలలో పట్టాల గుడిసెలలో ఉన్నారు.

ఒక యేడు శ్రమకాల కూటములో ఉపవాసమును గూర్చి మేము చెప్పుచుండగా ఒక అవ్వ అడిగినది: “అయ్యా, ఒక్కపొద్దు మాకు కొత్త గాదు. తినని పూట కూడు ఎవరికియ్యల్లో అది చెప్పు.” ఆమె యెషయా 58 చదివినది కాదు. అయినను దాని సారము అంతకంటె సూటిగా ఎవరు చెప్పగలరు? మన తల్లులు వంటకు ముందు పిడికెడు బియ్యము తీసి వేరుగా కుండలో వేయుట ఎరిగినవారే. ఆ పిడికెడు బియ్యమే మన సీమకు తగిన ఉపవాసము. తన పూట తగ్గించుకొనుటతో అది ఆగదు, తగ్గించినది ఇంకొకరి పళ్ళెములోనికి చేరును.

కనుక సంఘ పెద్దలకు మా మనవి. శ్రమకాలపు పఠనమును పుస్తకములకే విడువక, గుడిలోను ఇంటిలోను బిగ్గరగా చదువుడి. చదువనేర్చిన పిల్లవాడు అవ్వకు చదివి వినిపించవలెను. సుగ్గికి పోవు కుటుంబముల పేర్లు వ్రాసికొని, వారు దిగు గ్రామముల సంఘకాపరులకు ముందుగా ఉత్తరము వ్రాయుడి లేక ఫోను చేయుడి. పనికి పోవువారితో నలుబది దినముల భాగముల జాబితా పంపుడి. మట్టల ఆదివారమునకు ముందు ఒకసారియైనను పెద్దలలో ఒకరు ఆ చేలకు పోయి, సాయంకాలము వారితో కూర్చుండి ఆ దినపు భాగము చదువవలెను. పోవునప్పుడు పిడికెడు బియ్యపు కుండను ఖాళీచేసి తీసికొని పోవలెను. వచ్చు భస్మ బుధవారమునకు ముందే ప్రతి పాస్టరేటు కమిటీ ఈ పేర్ల పట్టికను తయారు చేసికొనినచో, ఈ శతవార్షిక వేడుకలో మనము చేసిన మంచి పనులలో అదియు ఒకటిగా నిలుచును.