కడితం నుండి కంటైనర్ వరకు: అనంతపురం సీమలో లెక్కల స్వాధీనత

1. ప్రవేశిక

ఆంధ్రప్రదేశ్‌లో అత్యల్ప వర్షపాతం గల ప్రాంతం అనంతపురం పీఠభూమి. ఇక్కడి పట్టణాల్లో కుళాయి ఎవరి పేరున ఉంది, ఎంత బాకీ ఉంది, ఎవరి అర్జీ ముందు అందింది అనేవి కేవలం కార్యాలయ వివరాలు కావు. కనుక ఆ లెక్కను నడిపే విద్య ఎవరి చేతిలో ఉందన్నది చరిత్ర పరిశీలించవలసిన ప్రశ్న.

2. కడితం, కరణం

1800లో నిజాం నుండి ఈస్టిండియా కంపెనీకి దక్కిన దత్తమండలాలకు 1807 వరకు థామస్ మన్రో ప్రధాన కలెక్టరు. పొలాలను కొలిపించి రైతువారీ లెక్కలు రాయించాడు. గ్రామంలో ఆ లెక్కకు ఆధారం కరణం. చింతగింజల జిగురు, బొగ్గుపొడి పట్టించిన గుడ్డ మడతల కడితంపై బలపంతో లెక్కలు రాయడం ఈ సీమలో ఉన్న సంప్రదాయం. లెక్క ఊరిదే, దాన్ని కట్టే ఒడుపు మాత్రం కరణం ఇంటిది. 1984లో రాష్ట్ర ప్రభుత్వం ఆ పదవులను రద్దు చేసింది. ఉత్తర్వుతో పుస్తకాలను స్వాధీనం చేసుకోవచ్చు గాని ఒడుపును స్వాధీనం చేసుకోలేరు.

3. కంటైనర్ మోసేది, మోయనిది

2003లో బెంగళూరులో ఏర్పడిన ఈ-గవర్నమెంట్స్ ఫౌండేషన్ వారి పురపాలక సాఫ్ట్‌వేర్‌ను రాష్ట్ర ప్రభుత్వం 2015-16 కాలంలో 110 పట్టణ స్థానిక సంస్థల్లో ప్రవేశపెట్టింది. ఆస్తిపన్ను, నీటి ఛార్జీలు, ఫిర్యాదులు దాని పరిధిలోకి వచ్చాయి. జీపీఎల్ లైసెన్సు కింద ఉన్న దాని సోర్స్ కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, నడపవచ్చు.

2013లో వెలువడిన డాకర్, ప్రోగ్రామును దానికి అవసరమైన లైబ్రరీలతో కలిపి ఒకే మూటగా కట్టే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చింది. ఆ మూటే కంటైనర్. 2014లో గూగుల్ బహిర్గతం చేసిన కుబర్నెటీస్ అటువంటి అనేక కంటైనర్లను పలు యంత్రాలపై నడిపి, ఆగినదాన్ని తిరిగి ప్రారంభిస్తుంది. ఈ ఫౌండేషన్ తర్వాతి వేదిక డిజిట్ ఈ రెండింటి ఆధారంగా, చిన్న చిన్న సేవలుగా నడుస్తుంది. అందువల్ల అది ఒక యంత్రానికో ఒక క్లౌడ్ సంస్థకో కట్టుబడి ఉండనక్కరలేదు.

అయితే కంటైనర్ ప్రోగ్రామును మోస్తుంది గాని పని తెలిసినవారి అనుభవాన్ని మోయదు. కౌన్సిల్ నీటి ధర మారిస్తే ఏ అమరిక సవరించాలి? డేటాబేస్ చెడితే బ్యాకప్ నుండి ఏ వరుసలో నిలబెట్టాలి? 2022 ఏప్రిల్‌లో హిందూపురం, ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి మారినట్లు జిల్లాలు మారితే నమోదుల్లో ఏవేవి దిద్దాలి? వీటికి సమాధానం రాతపూర్వక మార్గదర్శినిలోనే ఉండాలి. డిజిట్ సాంకేతిక పత్రాలు ప్రధానంగా ఆంగ్లంలో ఉన్నాయి. స్థానిక నిర్ణయాల వివరం వాటిలో ఉండే అవకాశం లేదు.

4. ముగింపు

లైసెన్సు ఇచ్చేది హక్కు, పత్రరచన ఇచ్చేది సామర్థ్యం. రెండోది లేనిచోట కరణం స్థానంలోకి దూరాన ఉన్న ఇంజనీరు వస్తాడు, పరాధీనత మాత్రం మారదు. తెలుగులో, తేదీలతో, కోడ్‌తో పాటే భద్రపరచిన మార్గదర్శిని ఇందుకు పరిష్కారం. దాని పరీక్ష కూడా సులభమే. కొత్తగా చేరిన ఉద్యోగి ఎవరినీ అడగకుండా, ఆ పత్రం చూసి ఖాళీ యంత్రంపై పట్టణపు కుళాయి లెక్కలను తిరిగి నిలబెట్టగలిగితే ఆ లెక్క నిజంగా ఊరిదైనట్లు.