ఫ్లోరైడ్ నీళ్లు, ఊరూరి లెక్కలు

ఫ్లోరోసిస్ అనే జబ్బును నెల్లూరు జిల్లా రైతులు మొదట ఎద్దుల్లో చూశారు. కీళ్లు బిగుసుకుపోయి అవి అడుగు వేయలేకపోయేవి. మనుషుల ఎముకలనూ అదే పట్టి పీడిస్తోందని, తాగే నీటిలోని ఫ్లోరైడే కారణమని 1937లో షార్ట్ బృందం ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వివరించింది. ఆ జబ్బున్న కనిగిరి ప్రాంతం అప్పట్లో నెల్లూరు జిల్లాలోదే. 1970లో ఒంగోలు జిల్లాలో (తర్వాతి ప్రకాశం) చేరింది.

జబ్బు తెలిసింది. ఎంత ఫ్లోరైడ్‌కు ఎంత హాని అన్నది మాత్రం ఒక ఊరి సర్వేతో తేలేది కాదు.

1973లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో మోకాళ్లు లోపలికి వంగిపోతున్న పిల్లల గురించి లాన్సెట్‌లో రాశారు. తర్వాతి పరిశోధన ఆ ఊళ్ల జొన్నల్లో ఉండే మాలిబ్డినం అనే మూలకంపై దృష్టి పెట్టింది. నీటితో పాటు తిండిని కూడా చూడాల్సి వచ్చింది.

ఇలాంటి చిక్కు విప్పడానికి వేర్వేరు చోట్ల లెక్కలను కలిపి చూడటం కొత్త పని కాదు. 1904లోనే కార్ల్ పియర్సన్ బ్రిటిష్ సైనికుల టైఫాయిడ్ టీకా ఫలితాలను కలిపి చూశాడు. 1976లో జీన్ గ్లాస్ దీనికి మెటా ఎనాలిసిస్ అని పేరు పెట్టాడు. 1986లో డెర్సిమోనియన్, లెయిర్డ్ అసలు మలుపు తెచ్చారు. అధ్యయనాల మధ్య తేడా అంతా యాదృచ్ఛికం కాదని, చోటును బట్టి ప్రభావమే మారవచ్చని వాళ్ల పద్ధతి ఒప్పుకుంటుంది. మెటా రిగ్రెషన్ ఇంకో అడుగు వేసి, ఆ తేడాకు కారణమేమిటో వెతుకుతుంది.

2000లో ఇంగ్లండ్‌లోని యార్క్ విశ్వవిద్యాలయ బృందం నీటి ఫ్లోరైడ్‌పై 214 అధ్యయనాలను సమీక్షించింది. ఫ్లోరైడ్ మోతాదు పెరిగేకొద్దీ పళ్ల మచ్చలు ఎలా పెరుగుతాయో రిగ్రెషన్‌తో గీసింది. లీటరుకు 1 మిల్లీగ్రాము దగ్గర 48 శాతం మందికి మచ్చలు రావచ్చని అంచనా కట్టింది. అత్యున్నత ప్రమాణానికి తగిన అధ్యయనం ఒక్కటీ లేదని కూడా తేల్చి చెప్పింది.

నివారణ ఇంతకన్నా చిక్కైన వ్యవహారం. 1970ల నాటి నల్గొండ పద్ధతినే తీసుకుంటే, నీటిలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించుతారు. రోజూ పటికను కొలిచి వేసే మనిషి, అడుగున చేరిన మడ్డిని తీసే ఏర్పాటు, ఆ నీళ్లే తాగే అలవాటు అన్నీ కుదిరితేనే ఫలితం. రెండు ఊళ్లలో ఇలాంటి శుద్ధి ప్లాంట్లు పెట్టారన్న మాటతోనే ఆ రెండు లెక్కలను కూడితే, పనిచేసిందేమిటో కనిపించకుండా పోతుంది. అందుకే కనిగిరి వైపు ఏ అధ్యయనం జరిగినా ఫ్లోరైడ్ అంకెతో పాటు బావి లోతు, తిండి, ప్లాంటు నడిచిన రోజులు కూడా నమోదు కావాలి.