సీటుతో పాటు చోటు

1930ల రెండో సగం. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బీఏ చదవాలని ఒక యువతి వచ్చింది. పద్నాలుగేళ్ల వయసులో, 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు, టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఖద్దరు ప్రదర్శన గుమ్మంలో ఆపేసిన వాలంటీరు ఆమె. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు కూడా వెళ్లొచ్చింది. పేరు దుర్గాబాయి. అప్పటి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి చెప్పిన అడ్డంకి ఒక్కటే. ఆడపిల్లలు ఉండడానికి అక్కడ హాస్టల్ లేదు.

దుర్గాబాయి వెనక్కి తిరిగి వెళ్లలేదు. పత్రికలో ప్రకటన వేయించారు. చదవాలని ఉండీ వసతి లేక ఆగిపోయిన అమ్మాయిలు ఎవరైనా ఉంటే తనకు తెలియజేయమన్నారు. అలాంటివాళ్లు ఉన్నారని తేలింది. అందరూ కలిసి వసతి చూసుకున్నారు, ఆడపిల్లల హాస్టల్ మొదలైంది, ఆమెకు సీటు దొరికింది. దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా దేశానికి తెలిసిన ఆ మనిషి తర్వాత రాజ్యాంగ సభలో కూర్చున్నారు.

కాలేజీ చరిత్ర రాసేటప్పుడు మనం శంకుస్థాపనలు రాస్తాం, ప్రిన్సిపాళ్ల పేర్లు రాస్తాం, ర్యాంకులు రాస్తాం. పిల్లలు ఎక్కడ పడుకున్నారు, ఏం తిన్నారు, ఫీజు ఎవరు కట్టారు అన్నది రాయం. నిజానికి చాలామంది చదువు తెలివి చాలక ఆగలేదు. సీటు దొరికినా చోటు దొరక్క ఆగింది.

ఏడు రోజులు, ఏడు ఇళ్లు

హాస్టళ్లు లేని రోజుల్లో పేద విద్యార్థికి ఉన్న దారి వారాలు. సోమవారం వకీలు గారింట్లో, మంగళవారం మాస్టారింట్లో, బుధవారం ఇంకొకరింట్లో... అలా వారంలో ఏడు ఇళ్లు కుదుర్చుకుంటే ఆ కుర్రవాడి చదువు సాగినట్టే. ఆరే కుదిరితే ఒక రోజు పస్తు. ఏ ఇంట్లోనైనా మైల వచ్చినా, ఇంటిల్లిపాదీ ఊరెళ్లినా ఆ రోజు వారం తప్పినట్టే. మంచినీళ్లు తాగి, పుస్తకం ముందేసుకుని కూర్చోవడమే. వరసగా రెండు వారాలు రాకపోతే మాత్రం, ‘ఏరా అబ్బాయీ, రావడం మానేశావేం? ఒంట్లో బాగాలేదా?’ అని ఆరా తీసే ఇల్లాలు ఉండేది. ఆ కుర్రవాడికి విస్తట్లో అన్నం ఎంతో ఆ మాటా అంతే.

ఆ ఔదార్యానికి ఒక గోడ ఉండేది. వారాల ఇళ్ల తలుపులు ఎక్కువగా బ్రాహ్మణ కుర్రాళ్లకే తెరుచుకునేవి. దళిత విద్యార్థికి ఆ ఇంటి అరుగు కూడా అందలేదు. ఆడపిల్లకు ఆ దారే లేదు.

టంగుటూరి ప్రకాశం చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకుంటే, తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని సాకారు. ఆయన్ని చదువులో నిలబెట్టింది గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు. తాను రాజమండ్రి వెళ్తూ శిష్యుణ్నీ వెంటబెట్టుకెళ్లారు. కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలలో ప్రిన్సిపాల్‌గా పనిచేసిన రఘుపతి వెంకటరత్నం నాయుడు పేద పిల్లల్ని ఆదుకోవడాన్ని ఉద్యోగంలో భాగంగానే చూశారు. ఆడపిల్లల్ని కాలేజీలో చేర్చుకున్నారు. పిఠాపురం మహారాజా అండతో అనాథ పిల్లలకు ఆశ్రయం కల్పించారు. ఒక తల్లి, ఒక గురువు, ఒక ప్రిన్సిపాల్. అటువంటి మనిషి తారసపడని పిల్లవాడు ఏమైపోయాడో చెప్పడానికి మాత్రం చరిత్రలో పేజీ లేదు.

కొత్వాలు పెట్టిన హాస్టల్

1918లో హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ వెలిసింది. స్థాపకుడు రాజా బహదూర్ వెంకటరామారెడ్డి, తర్వాత నగర కొత్వాలు అయిన పోలీసు అధికారి. తెలంగాణ పల్లెల నుంచి ట్రంకు పెట్టె పట్టుకుని వచ్చిన కుర్రాడికి పట్నంలో చుట్టం లేడు, బడిలో తన భాష లేదు. హాస్టల్‌లో అన్నంతో పాటు తెలుగు దొరికింది, గ్రంథాలయం దొరికింది. సురవరం ప్రతాపరెడ్డి ఆ హాస్టల్ కార్యదర్శిగా పనిచేశారు. ఇతర కులాల వారూ తమ పిల్లల కోసం హాస్టళ్లు కట్టుకున్నారు. కులం పేరుతో కట్టిన ఆ గోడలకు పరిమితులున్న మాట వాస్తవం. కానీ ఇంటింటికీ తిరగనక్కర్లేకుండా తన మంచం, తన కంచం అని చెప్పుకోగల చోటు పల్లెటూరి పిల్లవాడికి అక్కడే దొరికింది.

అలాంటి చోటు పోయినప్పుడు దాని విలువ ఇంకా బాగా తెలిసింది. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ హాస్టల్ విద్యార్థులు ప్రార్థన గదిలో వందేమాతరం పాడారు. అధికారులు కూడదన్నారు. విద్యార్థులు సమ్మె కట్టారు. వందల మందిని బహిష్కరించారు. తరగతితో పాటు తిండీ, గూడూ ఒక్కసారిగా పోయాయి. అప్పుడు చాలామందిని చేర్చుకున్నది నాగపూర్ విశ్వవిద్యాలయం. ఆ సాయమే లేకపోతే వాళ్ల చదువు మధ్యలోనే తెగిపోయేది.

దయ నుంచి హక్కు దాకా

అసలు మలుపు 1944లో వచ్చింది. వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో అంబేడ్కర్ సభ్యుడిగా ఉన్న కాలమది. షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు అప్పుడే మొదలయ్యాయి. వారాల ఇంటి అరుగు అందని పిల్లవాడి బాధ్యత ప్రభుత్వ ఖజానా మీద పడింది. ఎవరి దయా అక్కర్లేని దారి ఒకటి తెరుచుకుంది. తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సంక్షేమ హాస్టళ్లు ఊరూరా పెరిగాయి. ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారి సాంఘిక సంక్షేమ శాఖను చూసినప్పుడు వాటిని పేదల హక్కుగా నిలబెట్టడానికి పాటుపడ్డారు. 1971లో సర్వేలులో ప్రభుత్వం గురుకుల పాఠశాల తెరిచింది. చోటు దొరికిన పిల్లలు భయం లేకుండా ఉండేలా 1997లో ర్యాగింగ్‌ను నిషేధిస్తూ చట్టం వచ్చింది. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక కూలి ఇంటి పిల్లలు ఇంజినీరింగ్ కాలేజీ మెట్లెక్కారు.

ఇవన్నీ దయగా ఇచ్చినవి కావు, హక్కులు. స్కాలర్‌షిప్ నెలల తరబడి రాకపోతే, మెస్ బిల్లు పేరుకుపోతే, ఫీజు బకాయి అని సర్టిఫికెట్ ఆపితే మనం మళ్లీ వారం తప్పిన రోజులకే వెళ్తున్నాం. హక్కు వేళకు అందకపోతే ఆ పూట కడుపుకు అది లేనట్టే.

ముందుగా అడిగే మనిషి

తిండీ, గూడూ ఉన్నా పిల్లల దిగులు కనిపెట్టే మనిషి కూడా కావాలి. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణంపై దాఖలైన కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ కనీసం ఒక్కరైనా ఉండాలంది. అంతకు తక్కువుంటే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలంది. ఇంత చిన్న మాట సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చిందంటే మన క్యాంపస్‌లలో ఎంత లోటుందో ఆలోచించాలి.

బోర్డు తగిలించి, కౌన్సెలర్ గది తాళం తీసినంత మాత్రాన ఆ లోటు తీరదు. దిగులుతో ఉన్న పిల్ల ఆ గది దాకా నడిచి రాలేదు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లవాడు మొదటి సెమిస్టర్‌లో పాఠం అర్థం కాలేదని నలుగురిలో చెప్పలేడు. మెస్ డబ్బులు కట్టలేని వాడు ఆకలి లేదంటాడు. వరసగా నాలుగు రోజులు హాజరు పట్టీలో ఖాళీ గళ్లు కనబడితే, ‘రావడం మానేశావేం?’ అని గది తలుపు తట్టే మనిషి కావాలి. వారాల ఇల్లాలికి జీతం లేదు, శిక్షణ లేదు, అయినా ఆ ఆరా తీసింది. జీతం, శిక్షణ, చట్టం అన్నీ ఉన్న మనం తీయలేమా?

దుర్గాబాయి తన ఒక్కదానికి గది వెతుక్కుని ఊరుకోలేదు. చోటు లేక ఇళ్లలో ఆగిపోయినవాళ్లు ఇంకెవరున్నారని పత్రికకెక్కి మరీ అడిగారు. ప్రతి కాలేజీ ఏటా అడ్మిషన్ల ప్రకటన వేస్తుంది. దాని పక్కనే ఆ రెండో ప్రకటన కూడా వేయాలి.