తృణమణి నుండి బంగారు పూత దాకా

ఎలక్ట్రాన్ అన్న పేరు పుట్టుక విచారిస్తే ఒక చమత్కారం కనబడుతుంది. గ్రీకులు ఆ మాటతో పిలిచినది మన తృణమణినే. రుద్దితే గడ్డిపోచలను లాగుకొంటుంది గనుక సంస్కృతంలో దానికి ఆ పేరు. తనలో చేరిన ఆవేశాన్ని పోనీయని బంధకం కావడమే ఆ గుణానికి మూలం. (మా జనగామలో చలికాలపు పొడిగాలికి ఉన్నిశాలువా తీస్తే చిటపటలాడేదీ ఇందుకే.) 1891లో స్టోనీ విద్యుత్తు మూలప్రమాణానికి ఆ గ్రీకు పేరే పెట్టాడు. ఆ తృణమణి గుణమే, 1931లో రుస్కా, నోల్ నిర్మించిన యంత్రపు సంతతికి తలనొప్పి అయి కూర్చుంది.

2021లో మహబూబాబాదు మిరపతోటలను నల్ల తామరపురుగు ఎట్లా పాడుచేసిందో ఈ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. మిల్లీమీటరుకు అటూఇటూగా ఉండే ఆ పురుగును పోల్చుకోవడానికి దాని మీది సన్నని రోమాలూ చూడాలి. అయితే ఎండిన పురుగు దేహం బంధకం. స్కానింగ్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో దానిపై పడ్డ ఎలక్ట్రాన్లు నేలకు దిగే దారి లేక అక్కడే పోగుపడతాయి. అంచులు మిరుమిట్లు గొలుపుతాయి, అడ్డంగా చారలు పడతాయి, బొమ్మ పక్కకు జరుగుతుంది. ఏది రోమమో, ఏది చారో తెలియదు.

అంతకు చాలా ముందే, 1934లో, బ్రస్సెల్సులో మార్టన్ డ్రోసెరా ఆకును ఆస్మియంతో తడిపి బొమ్మ తీశాడు. ఆయన భయం ఆవేశం కాదు, ఆకు మాడిపోవడం. 1965లో కేంబ్రిడ్జి యంత్రం ‘స్టీరియోస్కాన్’ అంగడికి వచ్చాక, నమూనాపై సుమారు 10 నానోమీటర్ల బంగారు పూత వేయడం పరిపాటి అయింది. ఆవేశం పూత వెంట జారిపోతుంది. కాని మనం చూచేది పురుగును కాదు, పురుగు తొడిగిన బంగారాన్ని. మూలాన్ని కప్పివేసే వ్యాఖ్యానాలను చదివిన నాకు ఇది కొత్తగా తోచలేదు. పూత వద్దనుకొన్నవారు తక్కువ వోల్టేజిని ఆశ్రయించారు; సిడ్నీలో డానిలాటోస్ నమూనా గదిలోకి కొంత వాయువును రానిచ్చాడు. అందులో పుట్టే ధన అయాన్లు ఆవేశాన్ని అణగదొక్కుతాయి. నాకు నచ్చిన ఉపాయం ఇదే.

1980లలో డ్యుబోషే బృందం నీటిని స్ఫటికం కానీయక గాజువలె గడ్డకట్టించి అందులో జీవాణువులను నిలిపింది. దానికి 2017లో నోబెల్‌లో భాగం దక్కింది. ఆ మంచూ బంధకమే. దానిపై పూత వేస్తే లోపలి అణువు కనబడదు. 2014లో రూసో, పాస్‌మోర్ కర్బనపు పొరకు బదులు మంచును నిలిపే జల్లెడనే బంగారంతో చేయగా కదలిక బాగా తగ్గింది. హైదరాబాదు సీసీఎంబీలోనూ ఇట్టి శీతల సూక్ష్మదర్శిని ఉన్నది. అయినా కదలిక పూర్తిగా పోలేదు. అణువు ఇంకా చెడకుండా ఉండే తొలి చట్రాలలోనే అది ఎక్కువ. వాటిని నేటికీ కంప్యూటరు ఒకదానిపై ఒకటి సరిపెట్టవలసి వస్తున్నది.