కాలాపానీ నుంచి లోక్‌సభకు: మన్యం నాయకుడు గాం మల్లుదొర

గాం మల్లుదొర విశాఖ మన్యానికి చెందిన గిరిజన నాయకుడు. అల్లూరి సీతారామరాజుకు ముఖ్య అనుచరుడు. బ్రిటిష్ కోర్టు వేసిన ఉరిశిక్ష యావజ్జీవంగా మారడంతో అండమాన్‌లో ద్వీపాంతర శిక్ష అనుభవించారు. తిరిగొచ్చి దేశ మొదటి లోక్‌సభలో సభ్యుడయ్యారు. సినిమాల పుణ్యమా అని అల్లూరి పేరు చిన్నపిల్లలకు కూడా తెలుసు. మల్లుదొర పేరు మాత్రం పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యం దాటడం అరుదు.

మల్లుదొర, అన్న గంటందొర ఇద్దరూ గూడెం కొండల మనుషులు. అరకు లోయ నుంచి నైరుతి దిక్కుగా సాగే తూర్పు కనుమల్లో ఇవాళ్టి చింతపల్లి, కొయ్యూరు, గూడెం కొత్తవీధి మండలాల ప్రాంతం అది. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు కొట్టినా, అడవిలో పశువులు తోలినా నేరమైపోయింది. దీనికి తోడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం వైపు నుంచి కొండ మీదికి రోడ్డు వేయిస్తూ గిరిజనుల చేత వెట్టి చేయించాడు. ఇవ్వాల్సిన కూలీ ఇవ్వలేదు. గాం సోదరులకు అతనితో తగాదా అక్కడే ముదిరింది. రాజు పిలుపు ఇచ్చేనాటికే వాళ్ల కడుపు మండి ఉంది.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద వరుసగా దాడులు జరిగాయి. తుపాకులు, తూటాలు తిరుగుబాటుదారుల చేతికి వచ్చాయి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు చనిపోయారు. ఆ తర్వాత సర్కారు మలబారు స్పెషల్ పోలీసును మన్యానికి దింపింది. 1921లో కేరళలో మాప్పిళ్ల ముస్లింల తిరుగుబాటును అణచడానికి తయారైన దళం అది. అక్కడ నేర్చిన పద్ధతులే ఇక్కడి కొండల్లోనూ వాడారన్నమాట. చివర్లో అస్సాం రైఫిల్స్ కూడా వచ్చింది.

మల్లుదొర 1923 సెప్టెంబరులో పట్టుబడ్డారు. మరుసటి ఏడాది మే 7న కొయ్యూరులో రాజును కాల్చి చంపారు. జూన్‌లో గంటందొర కూడా పోలీసు తూటాలకు ప్రాణం వదిలారు. నాయకుడు, సొంత అన్న నెల రోజుల తేడాతో పోయేసరికి తమ్ముడు ఖైదులో ఉన్నారు.

అండమాన్ శిక్షను జనం కాలాపానీ సజా అనేవారు. 1906లో పూర్తయిన సెల్యులార్ జైల్లో ఏడు వరుసలు, 693 గదులు. ఒక్కో గదికి ఒక్కో మనిషే. ఆ జైలు కట్టకముందే మన హైదరాబాదు వాళ్లకు ఆ దీవులు తెలుసు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి కోఠీ రెసిడెన్సీ మీదికి వెళ్లిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను అక్కడికే పంపారు, ఆయన అక్కడే కన్నుమూశారు. మన్యం ఖైదీల కాలంలోనే మాప్పిళ్లలు కూడా వందల సంఖ్యలో అండమాన్ చేరారు. వాళ్లలో చాలామంది అక్కడే కాపురాలు పెట్టి మంజేరి, తిరూర్ అని తమ సొంతూళ్ల పేర్లే కొత్త ఊళ్లకు పెట్టుకున్నారు. రాజు మరో అనుచరుడు అగ్గిరాజు కూడా అండమాన్‌లోనే చనిపోయారు. ఆ దారిలో వెళ్లి తిరిగొచ్చినవాళ్లు తక్కువే.

మల్లుదొర తిరిగొచ్చారు. మొత్తం పదమూడేళ్లకు పైగా శిక్ష అనుభవించాక విడుదలయ్యారు.

1952లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికల్లో విశాఖపట్నం ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. అప్పట్లో కొన్ని చోట్ల జనరల్ సీటు, రిజర్వుడు సీటు ఒకే నియోజకవర్గంలో ఉండేవి, ఒక్కో ఓటరుకు రెండేసి ఓట్లు. ఈ పద్ధతిని 1961లో తీసేశారు. విశాఖలో జనరల్ సీటు లంకా సుందరానికి, గిరిజన సీటు మల్లుదొరకు దక్కాయి. ఇద్దరూ ఇండిపెండెంట్లే. స్వాతంత్ర్యం తెచ్చిన పార్టీగా కాంగ్రెస్ గాలి వీస్తున్న రోజుల్లో, ఏ పార్టీ అండా లేకుండా ఒక మాజీ ఖైదీ గెలవడం చిన్న విషయం కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేనాటికి ఆయన ఢిల్లీలో ఎంపీగా ఉన్నారు.

మల్లుదొర 1969లో మరణించారు. చింతపల్లి, కొయ్యూరు మండలాలు ఇప్పుడు పాడేరు అసెంబ్లీ సెగ్మెంటులో భాగంగా, గిరిజనులకు రిజర్వు చేసిన అరకు లోక్‌సభ స్థానం కింద ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాకు అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు.