గట్ లేని గట్టింగ్

హైదరాబాద్‌లో ఏ స్పోర్ట్స్ షాపుకి వెళ్ళినా వినిపించే మాట ‘గట్టింగ్’. షటిల్ రాకెట్ కావచ్చు, టెన్నిస్ రాకెట్ కావచ్చు, ఎవరో మామయ్య అటక మీంచి దింపిన బాల్ బ్యాడ్మింటన్ రాకెట్ కావచ్చు, తీగలు మార్చాలంటే గట్టింగే. గట్టిగా బిగిస్తారు కాబట్టి గట్టింగ్ అని తెలుగు వ్యుత్పత్తి చెప్పినా ఎవరూ కాదనరు. కానీ ‘గట్’ అంటే పేగు. ఇవాళ ఆ షాపు గోడకి వేలాడే చుట్టల్లో పేగుతో చేసింది సాధారణంగా ఒక్కటి కూడా ఉండదు. కొన్ని నైలాన్, మిగతావి పాలియెస్టర్. వస్తువు వెళ్ళిపోయి మాట ఒక్కటే మిగిలింది. ఆ వెళ్ళిపోయిన వస్తువు ఏమిటో తెలియకపోతే, ఇప్పుడు షాపతను అడిగే ‘గట్టిదా, మెత్తదా’ అనే ప్రశ్నకి జవాబు చెప్పడం కష్టం.

1874లో ఇంగ్లండ్‌లో మేజర్ వింగ్‌ఫీల్డ్ లాన్ టెన్నిస్‌కి పేటెంట్ తీసుకున్నాడు. మరుసటి ఏడాదే ఫ్రాన్స్‌లోని లియాన్‌లో పియెర్ బాబొలా గొర్రె పేగులతో రాకెట్ తీగ తయారుచేశాడు. అప్పటిదాకా ఆ ఇంటివాళ్ళు చేస్తున్నది సంగీత వాద్యాలకి తీగలు. అంటే టెన్నిస్ తీగ పుట్టింది వయొలిన్ తీగ పక్కింట్లో. తర్వాత గొర్రె స్థానంలో ఆవు వచ్చింది. పేగు మీది సన్నటి పొరని పీలికలు చేసి, శుభ్రం చేసి, పక్కపక్కన పేర్చి, మెలిపెట్టి, ఆరబెడతారు. ఒక రాకెట్‌కి సరిపడా తీగ ఒక్క పశువుతో అయ్యేది కాదు.

ఆ తీగ గొప్పతనమంతా దాని లొంగుబాటులోనే ఉంది. బంతి తగలగానే సాగుతుంది, వెంటనే పూర్వస్థితికి వస్తుంది, నెలలు గడిచినా బిగువు పెద్దగా పోదు. మన దగ్గర దానికి శత్రువు వానాకాలం. తేమ తగిలితే పీచు విడిపోతుంది. ఖరీదూ ఎక్కువే. ఆఫీసర్స్ క్లబ్బుల కాలంలో, అంటే జిల్లా కేంద్రాల్లో కలెక్టరూ జడ్జీ సాయంత్రాలు తెల్ల బట్టలేసుకుని ఆడుకునే రోజుల్లో, దాన్ని భరించగలిగినవాళ్ళు భరించారు. ఆట వాళ్ళ ప్రహరీ దాటి బయటికి వచ్చేసరికి రాకెట్లలో నైలాన్ ఉంది. అమెరికాలో డూపాంట్ కంపెనీ 1938లో ప్రకటించిన ఈ పదార్థం మొదట అమ్ముడైంది టూత్‌బ్రష్ కుచ్చుగా. చవక, వానకి భయపడదు, చేతికీ ఫర్వాలేదు. ‘గట్’ అనే మాట అర్థం మార్చుకోకుండానే వస్తువు మార్చుకున్నది ఈ మధ్యకాలంలోనే అనుకుంటాను.

గట్టిదనం తీగలోనే ఉండనక్కర్లేదు, బిగించడంలో కూడా ఉంటుంది. బోర్గ్ తన చెక్క రాకెట్‌లో పేగు తీగని 80 పౌండ్ల దాకా బిగించుకునేవాడు. హోటల్ గదిలో, అర్ధరాత్రి, ఎవరూ ముట్టుకోకుండానే అవి టప్‌మని తెగేవట. ఇవాళ చాలామంది పెద్ద ఆటగాళ్ళు 45 నుంచి 55 పౌండ్ల మధ్య ఆగిపోతున్నారు. బిగింపు తగ్గింది, పదార్థం గట్టిపడింది. ఈ రెండూ వేర్వేరు అని గుర్తుపెట్టుకుంటే మిగతా కథ సులువు.

ఆ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం 1977. జర్మనీకి చెందిన వెర్నర్ ఫిషర్ ఒక వింత అల్లిక కనిపెట్టాడు. నిజానికి అల్లిక లేకపోవడమే అందులో వింత. మనకి పోచంపల్లి దగ్గరే కాబట్టి మగ్గం భాషలో చెప్తాను. రాకెట్‌లో నిలువు తీగలు పడుగు, అడ్డ తీగలు పేక. మామూలుగా పేక ఒక పడుగు పైనుంచీ ఇంకో పడుగు కిందనుంచీ పోతుంది. ఫిషర్ పడుగుని రెండు వరసలు చేసి, పేకని వాటి మధ్యన ఊరికే పడేశాడు. పడుగు తీగలు స్వేచ్ఛగా పక్కకి జరిగి, తిరిగి వెనక్కి వచ్చి, బంతిని విపరీతంగా తిప్పేవి. దీనికి ‘స్పగెట్టి’ రాకెట్ అని పేరొచ్చింది. ఆ ఏడాది యూఎస్ ఓపెన్‌లో పెద్దగా ఎవరికీ తెలియని మైక్ ఫిష్‌బాక్ దీంతో స్టాన్ స్మిత్‌ని ఓడించాడు. అక్టోబర్‌లో ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ ఫైనల్లో నస్టాసే ఇదే రాకెట్ పట్టుకొచ్చాడు. మట్టి కోర్టు మీద నెలల తరబడి ఓటమి ఎరగని విలాస్, రెండు సెట్లు పోయాక ఇక నావల్ల కాదని ఆట మధ్యలో వెళ్ళిపోయాడు. అంతర్జాతీయ సమాఖ్య వెంటనే నిషేధించింది. తీగలు ఒకదాన్నొకటి దాటేచోట పైకీ కిందికీ అల్లుకుని గానీ, అతుక్కుని గానీ ఉండాలని నియమం పెట్టింది. పడుగు-పేకల గురించి చట్టం చేసిన ఆట ఇంకోటి ఉందేమో నాకు తెలియదు.

ఆ చట్టాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటిస్తూనే దాని ఉద్దేశాన్ని దాటేసింది పాలియెస్టర్.

పాలియెస్టర్ మనకి కొత్తదేం కాదు. 1941లో ఇంగ్లండ్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు దారం తీసిన పదార్థమే టెరిలిన్ అయింది. మన తాతల తరం ‘టెర్లిన్ చొక్కా’ అని మురుసుకున్నది దాన్నే. నీళ్ళ బాటిలూ అదే. టెన్నిస్‌లో చాలా ఏళ్ళు దాన్ని చిన్నచూపు చూశారు: కర్రలా ఉంటుంది, చవక, ఎప్పుడూ తీగలు తెంపుకునే మొరటు ఆటగాళ్ళకి తప్ప పనికిరాదు అని. 1997లో ఆ అభిప్రాయం ఒక్కసారిగా తలకిందులైంది. ప్రపంచ ర్యాంకు 66 ఉన్న బ్రెజిల్ కుర్రాడు గుస్తావో కుయెర్టెన్, బెల్జియం కంపెనీ లక్సిలాన్ తీగతో ఫ్రెంచ్ ఓపెన్‌కి వచ్చాడు. ముస్టర్, కఫెల్నికోవ్, ఫైనల్లో బ్రుగేరా: ముగ్గురు మాజీ విజేతల్ని ఓడించి కప్పు పట్టుకుపోయాడు. 2002లో, ముప్పై రెండేళ్ళ వయసులో, అగస్సీ కూడా ఈ తీగకి మారాడు. ఆ మే నెలలోనే రోమ్ గెలిచాడు. ఆ తర్వాత ఎవరూ వెనక్కి చూడలేదు.

ఎందుకు పనిచేస్తుంది? హైస్పీడ్ కెమెరాలు, సిడ్నీ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రవేత్త రాడ్ క్రాస్ వంటివాళ్ళ ప్రయోగాలు వచ్చాక గానీ సరిగ్గా అర్థం కాలేదు. బంతి తీగల మీద ఉండేది సుమారు 5 మిల్లీసెకన్లు. ఆ కాస్త సమయంలో నున్నటి పాలియెస్టర్ పడుగు పేక మీద పక్కకి జారి, ఠక్కున వెనక్కి వచ్చి, బంతికి అదనంగా తిప్పు ఇస్తుంది. అచ్చం స్పగెట్టి పని, కానీ అల్లిక సక్రమంగానే ఉంది. ఇక్కడ గమనించాల్సింది: ఈ తిప్పు ప్రధానంగా జారుడు వల్ల వచ్చేది, గట్టిదనం వల్ల కాదు. గట్టి తీగయితేనే స్పిన్ అనే నమ్మకం కోర్టుల్లో బాగా పాతుకుపోయింది. రెండు గుణాలూ ఒకే పదార్థంలో కలిసి రావడం వల్ల వచ్చిన పొరపాటు అది.

మరి గట్టిదనం చేసేదేమిటి? నియమం ప్రకారం బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలితే 135 నుంచి 147 మధ్య లేవాలి. అంటే దెబ్బ తగిలిన ప్రతిసారీ బంతి తన శక్తిలో 45 శాతం దాకా మింగేస్తుంది. తీగ అలా కాదు, తీసుకున్నదాంట్లో తొంభై శాతం పైనే తిరిగిస్తుంది. తీగ మెత్తగా ఉంటే సాగే పని అది తీసుకుంటుంది, బంతి తక్కువ నలుగుతుంది, దూరం పోతుంది. తీగ గట్టిగా ఉంటే నలిగేది బంతి. శక్తి అక్కడే పోతుంది, షాట్ కోర్టు లోపల పడుతుంది. దీన్నే ‘కంట్రోల్’ అంటారు. బలంగా కొట్టగలిగినవాడికి అది వరం. బలం లేనివాడు ఆ లోటు ఎక్కడినుంచి పూడ్చుకోవాలి? భుజం నుంచి, మోచేతి నుంచి.

ల్యాబుల్లో తీగ ఎంత మొండిదో కొలుస్తారు, ఒక అంగుళం సాగదీయడానికి ఎన్ని పౌండ్లు కావాలో అని. పేగు తీగకి సుమారు 100. నైలాన్ 150, ఆ పైన. పాలియెస్టర్‌లో మెత్తవి 160-180 దగ్గర మొదలై గట్టివి 250 దాటిపోతాయి. కంపెనీలు మామూలు పాలియెస్టర్‌కి వేరే పాలిమర్లు కలిపి ‘కో-పాలీ’ అని అమ్మే మెత్తవన్నీ నా దృష్టిలో ఒకటే ప్రయత్నం: జారుడు వదులుకోకుండా పేగు వైపు నాలుగడుగులు వెనక్కి నడవడం. ఫెదరర్, జొకోవిచ్ వేరే దారి పట్టారు. పడుగు ఆవు పేగు, పేక పాలియెస్టర్. సగం 1875, సగం 1997. గట్టిదనమే గొప్పయితే ఆ ఇద్దరికీ పేగుతో ఏం పని?

ఇదంతా మన దాకా వచ్చిన క్రమం కూడా చూడాలి. 2003 నుంచి హైదరాబాద్‌లో డబ్ల్యూటీఏ టోర్నమెంటు జరిగింది. 2004లో సానియా మీర్జా, లీజెల్ హ్యూబర్‌తో కలిసి డబుల్స్ గెలిచింది. 2005 ఫిబ్రవరి 12న అలోనా బొండారెంకోని మూడు సెట్లలో ఓడించి సింగిల్స్ గెలిచింది. ఆ రోజు తర్వాత ఈ ఊళ్ళో ఎంతమంది నాన్నలు పిల్లల్ని కోచింగ్‌లో చేర్పించారో నా తరానికి తెలుసు. ఆ పిల్లలు నేర్చుకుంది పూర్తిగా పాలియెస్టర్ కాలపు ఆట: కింద నుంచి పైకి, మణికట్టు విదిలించి, బంతిని తిప్పడం. సానియానే 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మణికట్టు నొప్పితో మొదటి మ్యాచ్ మధ్యలో తప్పుకుంది. దానికి తీగ కారణమని నేను అనను. ఆ మాట అనడానికి ఏ ఆధారమూ లేదు. వైద్యులు కూడా మోచేతి నొప్పికి తీగ ఒక్కదాన్నే బోనెక్కించరు. ఫ్రేమూ, పట్టూ, కొట్టే తీరూ, ఎన్ని గంటలు ఆడామన్నదీ అన్నీ లెక్కలోకి వస్తాయి. కానీ మార్చుకోవడానికి అన్నిటికంటే సులువైంది తీగే.

నేనుండేది ఇబ్రహీంపట్నంలో. కుతుబ్‌షాహీల కాలపు పెద్ద చెరువు, చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు, ఆదిభట్ల వైపు విమాన భాగాలు చేసే ఫ్యాక్టరీలు, సాఫ్ట్‌వేర్ క్యాంపస్. సాయంత్రం ఏడు దాటాక లైట్ల కింద టెన్నిస్ ఆడే మేమంతా ముప్పైల్లో ఉన్నవాళ్ళం, పగలంతా మౌస్ పట్టుకున్న చేతులే. మాలో ఒకతను కుడి మోచేయి పట్టేసి ఆరు నెలలు ఆట మానేశాడు. ఆట సరే, పొద్దున టీ కప్పు ఎత్తడానికి ఎడమ చెయ్యి వాడాల్సొచ్చింది. అతని రాకెట్‌లో ఉన్నది టీవీలో తన అభిమాన ఆటగాడు వాడే గట్టి పాలియెస్టర్, 56 పౌండ్లు, వేయించి ఏడాది.

అసలు తేడా ఆ చివరి మాటలో ఉంది. ఆ ఆటగాడు ప్రతి మ్యాచ్‌కీ కొత్తగా అల్లిన రాకెట్లు తెచ్చుకుంటాడు, మ్యాచ్ మధ్యలో కూడా మారుస్తాడు. పాలియెస్టర్ బిగువు మొదటి కొన్ని గంటల్లోనే జారడం మొదలవుతుంది. దాటే చోట్ల గాట్లు పడి, జారుడు ఆగిపోతుంది. తీగ చచ్చిపోతుంది, కానీ తెగదు. మన మే నెల ఎండలో, అద్దాలు ఎత్తేసిన కారు డిక్కీలో రాకెట్ వదిలేస్తే ఆ చావు ఇంకా త్వరగా వస్తుంది. పేగు తీగ పాడైతే పీచు లేచి కనిపించేది, తెగి చెప్పేది. ఇది చెప్పదు. తెగేదాకా లాగకూడదని మనకి సామెత ఉంది గానీ, గట్టింగ్ దగ్గరికొచ్చేసరికి మన ఆచారం సరిగ్గా తెగేదాకా ఆడడమే.

కాబట్టి గట్టిదా మెత్తదా అని నన్నడిగితే, వారానికి రెండుసార్లు ఆడే, పాతికేళ్ళు దాటిన చేతులకి మెత్తదే అంటాను, 48 పౌండ్ల దగ్గర. అది కూడా స్పిన్ కొట్టగలిగితేనే. లేకపోతే పాలియెస్టర్ ఎందుకసలు, నైలాన్ చాలు. గట్టిది వారానికి మూడు సెట్లు తెంపే పద్దెనిమిదేళ్ళ పిల్లలకి వదిలేయొచ్చు. ఇంకా ముఖ్యం, రెండు మూడు నెలలకోసారి కోసి పారేయడం. కంపెనీల ధరలు చూస్తే ఇది కడుపుమంట సలహానే, ఒప్పుకుంటాను. చుట్ట కొని, ఇద్దరు ముగ్గురు కలిసి పంచుకుంటే కొంత నయం.

మొన్న సిటీలో షాపతనికి రాకెట్ ఇచ్చి తీగలు కోసెయ్యమన్నాను. కత్తెర పట్టుకుని, వేలితో తీగల్ని టింగుమనిపించి, ఒకసారి నా మొహం చూశాడు.

“తెగలే గద సార్, మంచిగనే ఉంది. ఎందుకు కోసుడు?”

చచ్చిపోయిందన్నా అన్నాను. నవ్వి, మధ్యలోంచి కోయడం మొదలుపెట్టాడు.