మందు చేతికొచ్చాక: వాడకంపై సలహాకు చెల్లింపు, ఇంగ్లండ్ అనుభవం

దీర్ఘకాలిక రోగాలకు రాసిచ్చిన మందుల్ని సంపన్న దేశాల్లో సైతం సుమారు సగం మందే సరిగ్గా వాడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో అంచనా వేసింది. కారణం ధర ఒక్కటే అయితే మందుల్ని ఉచితంగా ఇస్తే సరిపోవాలి. గుండెపోటు నుంచి బయటపడిన 5,855 మందిపై అమెరికాలో జరిగి 2011లో వెలువడిన అధ్యయనం ఆ ఆశను కొంతవరకే నిలబెట్టింది. రోగి కట్టాల్సిన వాటాను పూర్తిగా మాఫీ చేసినా వాడకం నాలుగు నుంచి ఆరు శాతం పాయింట్లు మాత్రమే పెరిగింది. కాబట్టి మందు ఇచ్చాక రోగితో మాట్లాడే పనికీ డబ్బు కేటాయించక తప్పదు. అయితే ఆ డబ్బు ఏ దశలో చేసే ఏ పనికి అన్నదే అసలు ప్రశ్న.

ఇంగ్లండ్ దీనికి రెండు రకాలుగా జవాబు వెతికింది. 2005లో మొదలైన 'మెడిసిన్స్ యూజ్ రివ్యూ' పథకంలో ఫార్మసిస్టు రోగిని కూర్చోబెట్టి అతని మందులన్నిటినీ సమీక్షించేవాడు. సమీక్షకు ఇంత అని రుసుము, ఒక్కో షాపుకు ఏడాదికి 400 దాకా అనుమతి. గరిష్ఠ పరిమితిగా పెట్టిన ఆ అంకె ఆచరణలో లక్ష్యమై కూర్చుంది. అవసరం ఉన్నవారి కన్నా తేలిగ్గా దొరికేవారికే సమీక్షలు జరుగుతున్నాయన్న విమర్శ చివరిదాకా వదల్లేదు. 2021లో పథకాన్ని ఎత్తేశారు. 2011 అక్టోబరులో వచ్చిన 'న్యూ మెడిసిన్ సర్వీస్' దారి వేరు. బీపీ, ఆస్తమా, టైప్-2 షుగర్ వంటి వాటికి మందు కొత్తగా మొదలుపెట్టినవారే దాని పరిధి. మందు ఇచ్చిన వారం, రెండు వారాల్లో ఒకసారి, ఆ తర్వాత రెండు మూడు వారాలకు మరోసారి ఫార్మసిస్టు పలకరిస్తాడు. తల తిరగడం, దగ్గు, 'ఇక జీవితాంతం మింగాలా' అన్న బెంగ పుట్టేది ఆ రోజుల్లోనే. డాక్టరును మళ్లీ కలిసేనాటికి చాలామంది మానేసి ఉంటారు.

ఈ సేవపై 504 మందితో జరిపిన యాదృచ్ఛిక పరీక్షలో, పది వారాల తర్వాత మందులు సరిగ్గా వాడేవారు మామూలు పద్ధతిలో సుమారు 61 శాతం, సేవ అందినవారిలో 71 శాతం. ఇది రోగులు స్వయంగా చెప్పిన లెక్క కదా అనవచ్చు. నిజమే, అడిగినవారిని మెప్పించే జవాబు రెండు వర్గాల్లోనూ ఉంటుంది, సేవ అందినవారిలో ఇంకాస్త ఎక్కువే ఉండొచ్చు. ఆ తరుగు తీసేసినా మొత్తం తేడా మాయమవుతుందని నేననుకోను.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం మరొకటి ఉంది: పనికి కాక ఫలితానికే చెల్లిస్తే పోదా? మన దేశంలో క్షయ చికిత్సకు తోడుండేవారికి, రోగి మామూలు క్షయ కోర్సు పూర్తి చేశాక, వెయ్యి రూపాయలు ఇస్తున్నారు. క్షయకు అది నప్పుతుంది, ఎందుకంటే ఆ చికిత్సకు ఒక ముగింపు ఉంది. బీపీకి అది లేదు. పైగా ఫలితానికి వెలకడితే ఒంటరి ముసలివాళ్లను, తాగుడు మానలేనివారిని చేర్చుకునేందుకు ఎవరూ ముందుకు రారు. తెలుగు రాష్ట్రాల్లో బీపీ, షుగర్ రోగుల కోసం ఇలాంటి చెల్లింపు తలపెడితే, అది ఏడాదికి ఎన్ని సమీక్షలన్న లెక్కకు కాక, మందు మొదలైన తొలి నెలలో జరిగే రెండు సంభాషణలకు దక్కాలి.